తీరిక వేళ: పసుపు చేప నల్లబడిన సంగతి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అధిక భాగం కుండీలలో గులాబీలు పూయకపోవడం గురించో, పిల్లల తపాలా బిళ్ళల సేకరణ గురించో ఉంటాయి. గత ఆశ్వయుజ మాసంలో అందిన ఒక ఉత్తరం మాత్రం వేరు. ఢిల్లీలోని ధౌలా కువాన్ ప్రాంతంలో నివసిస్తున్న మన సంస్థ ఉద్యోగి సతీమణి ఒకరు ఇలా వ్రాశారు. ఆగస్టులో కుమారుని పుట్టినరోజుకు రెండడుగుల అద్దాల తొట్టె, ఏడు రంగురంగుల చేపలు కొన్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆరు చనిపోయాయి. మిగిలిన ఒక్కటీ కొన్ననాడు నిమ్మపండు వన్నెలో నల్లని చారలతో ఉండేది. ఇప్పుడు ఒళ్ళంతా నల్లబడింది. "దీనికీ ఏదో జబ్బు సోకినట్లుంది. బాబు రెండు పూటలా దాని ముందే కూర్చుంటున్నాడు. మావారు యమునలో వదిలివేద్దామంటున్నారు. ఏమి చేయమంటారు, అన్నయ్యగారూ?" అని ఆమె ప్రశ్న.

ఉత్తరం చదివిన వెంటనే చేపకు జబ్బు లేదని నాకు తోచింది. అయినా కంటితో చూడనిదే సలహా చెప్పడం తగదని ఒక ఆదివారం ఉదయం బయలుదేరాను.

ధౌలా కువాన్ అంటే తెల్లని బావి. పాతకాలపు ఆ బావి పేరే ఊరి పేరయింది. నేడు ఆ పేరు వినగానే ఢిల్లీ వాసులకు స్ఫురించేది బావి కాదు, విమానాశ్రయం వైపు మెలికలు తిరిగిన వంతెనలూ, వాటి క్రింద కదలని వాహనాలూ. మన తెలుగువారికి మాత్రం ఆ ప్రాంతంతో మరొక బంధుత్వం ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల అక్కడే ఉన్నది. దాని సమీపంలోని మెట్రో స్టేషనుకు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఆ స్టేషనులో దిగి నడిచి వెళ్ళాను.

తొట్టె హాలులో టీవీ ప్రక్కన ఉంది. అడుగున నీలిరంగు గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క, ముక్కలైన ఓడబొమ్మ. ఓడ ద్వారంలో నిలబడి ఉన్నది మన చేప. దాదాపు నాలుగంగుళాల పొడవు, బొగ్గు నలుపు, ప్రక్కలనుండి లేత నీలి పట్టెలు. నేను అద్దం వద్దకు వంగగానే రెక్కలు విప్పి నా ముక్కు మీదికే వచ్చింది. జబ్బుపడిన చేప చేసే పని కాదది.

"అంకుల్, ఇది చచ్చిపోతుందా?" అని బాబు అడిగాడు. నాలుగవ తరగతి చదువుతున్నాడు. చనిపోయిన ఆరింటి తేదీలనూ లెక్కల పుస్తకం చివరి పుటలో వ్రాసి ఉంచుకొన్నాడు. ఆ పుట నాకు తరువాత చాలా ఉపకరించింది.

ఆ చేప పేరు ఆరేటస్. పూర్తి శాస్త్రీయ నామం మెలనోక్రోమిస్ ఆరేటస్. ఆరేటస్ అంటే లాటిన్ భాషలో బంగారు పూత గలది. ఆ జాతిలో పిల్లలూ ఆడవీ పచ్చగా, నల్లని చారలతో ఉంటాయి. దుకాణంలో అందరి చూపూ వాటి మీదికే పోవడానికి ఆ వన్నెయే కారణం. మగచేప ఎదిగి, తన చుట్టూ ఉన్నవాటిపై పైచేయి సాధించినప్పుడు ఆ పసుపంతా చీకటి రంగులోకి మారిపోతుంది. కనుక బాబు చూసినది వ్యాధి కాదు, పట్టాభిషేకం. అయితే ఆ సింహాసనం క్రింద నాలుగు శవాలున్నాయి. పుస్తకంలోని తేదీల ప్రక్కన "తోక చిరిగింది", "మూలన దాక్కున్నది", "అన్నం తినలేదు" అని వాడు వ్రాసుకొన్న మాటలు చూస్తే నాలుగు చేపలు ఎవరి చేతిలో పోయాయో స్పష్టమవుతుంది. మిగిలిన రెండూ ఒకే రాత్రి పోయాయి, ఒంటి మీద గాయం లేకుండా. వాటి సంగతి తరువాత చెబుతాను.

ఇవి ఎక్కడివో తెలియనిదే వీటి కోపం మనకు అర్థం కాదు. తూర్పు ఆఫ్రికాలో మూడు మహా సరస్సులున్నాయి: విక్టోరియా, టాంగన్యీకా, మలావి. ఒకప్పుడు న్యాసా అని పిలిచిన మలావి సరస్సు దాదాపు 580 కిలోమీటర్ల పొడవు, 700 మీటర్ల లోతు. సిక్లిడ్ అనే ఒకే కుటుంబానికి చెందిన చేపలు అక్కడ వందలాది జాతులుగా చీలిపోయాయి. ప్రపంచంలో మరే సరస్సులోనూ ఇన్ని చేపజాతులు లేవని చెబుతారు. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త ఎథెల్విన్ ట్రెవావాస్ 1935లోనే వాటి వర్గీకరణను ప్రచురించారు. ఆ సరస్సు దక్షిణ కొసన ఉన్న జాతీయ ఉద్యానవనాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అక్కడి రాతి తీరాల వెంబడి నివసించే చేపలను స్థానికులు ఎంబునా అంటారు. మన ఆరేటస్ ఆ తెగదే. బండ మీద పెరిగే నాచు పొరా, అందులోని సూక్ష్మజీవులూ వాటి ఆహారం. ఒక మగచేపకు ఒక బండ ఉన్నదంటే అదే దాని పొలం, అదే ఇల్లు, ఆడచేప వచ్చి గ్రుడ్లు పెట్టే చోటూ అదే. బండ పోతే అన్నీ పోయినట్లే. అందుచేత ప్రక్కచేప గట్టు దాటితే ఊరుకోదు. పొలంగట్టు తగాదాలు చూసిన మనకు ఇది వింత కాదు. సరస్సులో ఓడినది పది గజాల దూరం పారిపోయి మరో బండ చూసుకొంటుంది. రెండడుగుల తొట్టెలో ఓడినది ఎక్కడికి పోతుంది? తరిమే చేపకు అలసట రాదు, పారిపోయే చేపకు దారి ఉండదు.

ఈ కోపం విషయమై 1973లో నోబెల్ బహుమతి పంచుకొన్న జంతుప్రవర్తన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన తన గ్రంథంలో ఒక చక్కని విశేషం చెప్పారు. ఒక సిక్లిడ్ జంటను వేరే చేపలు లేకుండా ఒంటరిగా ఉంచితే మగచేప కొన్నాళ్ళకు తన భార్యనే హింసించడం మొదలుపెడుతుంది. అద్దం అడ్డుపెట్టి అవతల మరొక జంటను ఉంచితే కోపమంతా ఆ పొరుగువారిపైకి మళ్ళి, ఇవతల సంసారం చల్లగా సాగుతుంది. అద్దానికి నాచు పట్టి పొరుగువారు కనబడకపోతే మళ్ళీ ఇంట్లో గొడవ! ఇది చదివినప్పుడల్లా నాకు మన కాలనీలోని ఒకటి రెండు వరండాలు గుర్తుకు వస్తాయి. పేర్లు చెప్పను.

ఇక ఆ రెండు చేపల మరణం. తల్లిగారు పరిశుభ్రతకు ప్రాణమిచ్చే మనిషి. ప్రతి ఆదివారం సగం నీరు తీసివేసి, ఫిల్టరులోని స్పాంజిని కుళాయి క్రింద తెల్లబడేదాకా పిండి, వంటింటి ఆర్.ఓ. యంత్రం నుండి పట్టిన "శుద్ధమైన" నీటిని పోసేవారు. సెప్టెంబరులో ఒక వారం ఆ యంత్రం చెడిపోయింది. ఆ ఆదివారం కుళాయి నీరే పోశారు. తెల్లవారేసరికి రెండు చేపలు పైకి తేలాయి. కుళాయి నీరు మంచిది కాదని ఆమె నిశ్చయించుకొన్నారు. నిజానికి దోషం కుళాయి నీటిది కాదు. అంతకు ముందు జరిగినదానిది.

చేపల విసర్జనం నుండి, మిగిలిన తిండి నుండి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. ప్రకృతి దానికి విరుగుడు ఏర్పాటు చేసింది: ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగాను, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ ప్రాణాంతకాలు. మూడవది కొంతవరకు ఫరవాలేదు, వారం వారం కొంత నీరు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా నివసించేది స్పాంజిలోను, ఇసుకలోను. క్రొత్త తొట్టెలో అవి స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. క్లోరిన్ ఉన్న కుళాయి నీటిలో స్పాంజిని వారం వారం ఉతికితే ఎన్నటికీ స్థిరపడవు. అనగా ఆ ఇంట్లో తొట్టె రెండు నెలల పాతదైనా, రోజూ పుట్టే అమ్మోనియాకు మందు లేనే లేదు.

మరి చేపలు అన్నాళ్ళు ఎలా బ్రతికాయి? నేను వెంట తీసుకువెళ్ళిన చుక్కల మందుతో నీటిని పరీక్షించాను. పి.హెచ్. 6.4 వచ్చింది. ఆర్.ఓ. నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు గనుక తొట్టెలో పుట్టే ఆమ్లాన్ని ఆపేది ఏదీ లేక నీరు పుల్లబడింది. పుల్లని నీటిలో అమ్మోనియాలో అత్యధిక భాగం అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పి.హెచ్. 7 అయితే అందులో విషరూపం నూటికి అరవంతు మాత్రమే, పి.హెచ్. 8 అయితే నూటికి అయిదు వంతులు దాటుతుంది. ఒక అంకె పెరిగితే దాదాపు పదింతలన్నమాట. క్షారగుణం గల కుళాయి నీరు సగం తొట్టె ఒక్కసారిగా పడగానే, అంతవరకు నిద్రపోతున్న విషం మేల్కొన్నది. దానికి క్లోరిన్ తోడైంది. ఇది నా ఊహే గాని, బాబు పుస్తకంలోని తేదీ, తల్లిగారు చెప్పిన తేదీ ఒకటే కావడంతో నాకు వేరే కారణం కనబడలేదు. "అయితే నేనే చంపానన్నమాట" అన్నారామె. ఆ మాటకు సమాధానం చెప్పడం కష్టం. ఇంత జాగ్రత్తగా చూసుకొనే చేయికి ఒక్క విషయం తెలిస్తే చాలునన్నాను.

నీటి పేరు పెట్టుకొన్న ఊరిలో చేపలు నీటివల్లనే పోవడం చూసి, ఈ చేపలు పెంచదలచిన పాఠకులందరి కొరకు సంగతి మొదటినుండి వ్రాయడం మంచిదని తోచింది.

ఎంబునా చేపలకు కనీసం నాలుగడుగుల తొట్టె కావాలి. ఎత్తుకన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే సుమారు 255 లీటర్లు పడుతుంది. నీటి బరువే 255 కిలోలు. పది మిల్లీమీటర్ల అద్దం, ఇసుక, రాళ్ళు కలిపితే మూడున్నర క్వింటాళ్ళ పైమాటే. క్వార్టర్సులో బాల్కనీ మీదగాని, భోజనాల బల్ల మీదగాని దీనిని నిలపరాదు. గోడకు ఆనించి, నేల మట్టం చూసి, ఇనుప స్టాండుపై మందపాటి ప్లైవుడ్, దానిపై పలుచని థర్మోకోల్ పరచి పెట్టాలి. పై అంతస్తులో ఉన్నవారు మన సివిల్ విభాగం వారిని ఒకమాట అడగడం మంచిది.

రాళ్ళ విషయంలో మనవారికి ఒక సౌకర్యం ఉన్నది. ఈ చేపలకు క్షారగుణం గల గట్టినీరు ఇష్టం. మలావి నీటి పి.హెచ్. 7.8 నుండి 8.6 వరకు ఉంటుంది. సున్నపురాయి నీటిలో మెల్లగా కరుగుతూ ఆ గుణాన్ని నిలబెడుతుంది. మన తాండూరు బండ సున్నపురాయి. కడప నల్లబండా అంతే. ఢిల్లీ క్వార్టర్సులలో నేలకు పరచిన కోటా రాయి కూడ ఆ జాతిదే. ఇల్లు బాగుచేసినప్పుడు మిగిలిన పాలిషు చేయని ముక్కలు పారవేయకుండా ఉంచుకోండి. పదునైన అంచులు అరగదీసి, బాగా కడిగి వాడుకోవచ్చును. రాయి మీద నిమ్మరసం పిండితే సన్నని నురగ వస్తే అది సున్నపురాయి. ధౌలా కువాన్ చుట్టుప్రక్కల రిడ్జి మీద కనబడే రాయి క్వార్ట్‌జైట్. నిమ్మరసానికి చలించదు, నీటిని మార్చదు. అదీ హాని చేయదు గాని, రక్షిత అరణ్యం నుండి రాయి ఏరుకొని రావడం నేరం.

రాళ్ళను ఇసుక మీద పేర్చరాదు. ముందుగా అడుగు అద్దంపై రాళ్ళు నిలిపి ఆ తరువాత ఇసుక పోయాలి. ఈ చేపలు రాత్రింబవళ్ళు ఇసుక త్రవ్వుతాయి. రాయి క్రింద ఇసుక తొలగితే రాయి ఒరుగుతుంది, అద్దం పగులుతుంది, హాలులో 255 లీటర్లు. మా మిత్రుల ఇంట ఒక సంక్రాంతి నాడు ఇదే జరిగింది. ముగ్గు తుడిచిపెట్టుకొని పోయింది. రాళ్ళ మధ్య రెండు వైపులా ద్వారాలున్న గుహలు ఏర్పడేలా, నీటిమట్టం దాదాపు అందేవరకు పేర్చాలి. ఒకే ద్వారమున్న గుహ ఓడిన చేపకు చెరసాల.

నీరు పట్టిన తరువాత నాలుగు వారాలు చేపలు కొనకుండా ఉండగలగడమే ఈ విద్యలో కష్టతరమైన భాగం. పిల్లలు ఊరుకోరు. దీనికి మన వంటింటి ఉపాయం ఒకటుంది. పాలు పెరుగు కావడానికి తోడు వేస్తాము కదా. అలాగే ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టెలోని స్పాంజి ముక్కను అడిగి తెచ్చి మన ఫిల్టరులో పెట్టుకొంటే బాక్టీరియా త్వరగా విస్తరిస్తాయి. రోజూ చిటికెడు తిండి వేస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేవరకు పరీక్షించాలి. ఆ తరువాత స్పాంజిని ఎప్పుడు కడిగినా తొట్టెనుండి తీసిన నీటిలోనే, అదీ తేలికగా పిండాలి. అది తెల్లగా మెరవనక్కరలేదు. వారానికి మూడవ వంతు నీరు మారిస్తే చాలును. కుళాయి నీటిలో సోడియం థయోసల్ఫేట్ చుక్కలు కలిపితే క్లోరిన్ విరిగిపోతుంది. బోరు నీరు వాడేవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. ఢిల్లీలో కొన్నిచోట్ల బోరు నీటిలో ఉప్పూ, నైట్రేటూ మితిమీరి ఉంటాయి. ఆర్.ఓ. నీరు మాత్రం మనమే త్రాగుదాము.

ఏ చేపలు కొనాలి? రంగుకొకటి చొప్పున ఏరుకోవడమే మన పాఠకురాలి ఇంట జరిగిన మొదటి పొరపాటు. దుకాణదారు కూడ అలాగే ఇచ్చాడట. జాతికి ఒక మగచేపకు మూడు ఆడచేపల చొప్పున, రెండు మూడు జాతులు మాత్రమే, అన్నింటినీ చిన్నవిగా ఉన్నప్పుడే ఒకే రోజున వదలాలి. నాలుగడుగుల తొట్టెలో పదిహేను వరకు ఉంచవచ్చును. ఇతర చేపలకు ఇంత రద్దీ తగదు. ఎంబునాకు మాత్రం రద్దీయే రక్షణ: కోపం పదిమందికీ పంచబడుతుంది, ఎవరి వాటాకూ ప్రాణం పోయేంత రాదు. రద్దీకి తగినట్లు ఫిల్టరు సామర్థ్యం రెట్టింపు ఉండాలి. క్రొత్తవారు ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేపతో ప్రారంభించడం మేలు. ఈ తెగలో అంత సౌమ్యమైనది అరుదు, పసుపు పెద్దయ్యాక కూడ పోదు. ఆరేటస్, కెన్యీ జాతుల జోలికి పోకండి. కెన్యీ మరీ తమాషా: అందులో ఆడవి నీలం, ఎదిగిన మగవి పసుపు. పీకాక్ అనే అందమైన మలావి చేపలను ఎంబునాతో కలిపితే అవి దిగులుతోనే సగం చిక్కిపోతాయి. దుకాణాలలో కనబడే ఫ్లవర్‌హార్న్ ఆఫ్రికా చేప కాదు. అమెరికా ఖండపు సిక్లిడ్‌ల సంకరం. దానిని వీటితో చేర్చరాదు.

తిండి విషయంలో ప్రేమ తగ్గించుకోవాలి. నాచు తినే ఈ చేపల ప్రేగు పొడవైనది. ఎండు రొయ్యలు, ఎర్రపురుగులు అదేపనిగా పెడితే పొట్ట ఉబ్బి చనిపోతాయి. దానికి మలావి బ్లోట్ అనే పేరే ఉంది. స్పిరులినా కలిసిన గుళికలు, ఉడికించిన బఠాణీ, పాలకూర ముక్క సరిపోతాయి. రెండు పూటలా ఒక నిమిషంలో తినగలిగినంతే. వారానికొక రోజు పస్తు ఉంచండి, ఏకాదశి మనకేనా?

ఢిల్లీ వాతావరణం మరొక పరీక్ష. వీటికి 24 నుండి 28 డిగ్రీలు కావాలి. జనవరిలో హీటరు లేనిదే గడవదు; 255 లీటర్లకు 300 వాట్లు, అదీ 150 వాట్లవి రెండు పెట్టుకొంటే ఒకటి చెడినా రెండవది కాపాడుతుంది. మే, జూన్ నెలలలో సమస్య తిరగబడుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ఇమడగలది 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. మూత కొంత తెరచి నీటి ఉపరితలంపై చిన్న పంకా త్రిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మూత పూర్తిగా తీసివేయకండి, ఇవి ఎగురుతాయి. కరెంటు పోయినప్పటి కొరకు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట ఉంచుకోవాలి.

ఈ శ్రమకు ఫలితమేమని అడిగేవారికి ఒక్క దృశ్యం చెబుతాను. ఎంబునా ఆడచేప గ్రుడ్లు పెట్టిన వెంటనే నోట పట్టుకొంటుంది. మగచేప క్రింది రెక్క మీద గ్రుడ్డులాంటి చుక్కలుంటాయి. వాటినీ గ్రుడ్లనుకొని అందుకోబోగా నోటిలోని గ్రుడ్లు ఫలదీకరణ చెందుతాయి. అటుపై దాదాపు మూడు వారాలు తల్లి ఏమీ తినదు. దవడ ఉబ్బి, డొక్కలు ఎండి, రాళ్ళ చాటున నిలబడి ఉంటుంది. ఒకనాడు నోరు తెరుస్తుంది. కందిగింజంత పిల్లలు బయటకు వచ్చి, నీడ పడగానే మళ్ళీ ఆ నోటిలోకే దూరుతాయి. ఆ తిండిపోతు జగడాలమారి జాతిలోనే ఈ ఉపవాసమూ ఉన్నది.

ఇక మన పాఠకురాలి భర్త సూచించిన యమున. దయతోనే అన్నారాయన. కాని మాఘమాసపు యమున చలికి మలావి చేప బ్రతకదు. బ్రతికే జాతి అయితే మరింత ప్రమాదం. ఆఫ్రికా సిక్లిడ్‌లలోనే ఒకటైన మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు; చెరువులనుండి నదులకు ప్రాకి మన చేపల తిండినీ, చోటునూ ఆక్రమించింది. దాని దాయాది నైలు తిలాపియా నేడు యమునలోనే పట్టుబడుతున్నది. స్వయంగా విక్టోరియా సరస్సులో 1950 దశకంలో వదలిన నైలు పెర్చ్ అనే పరాయి చేప వల్ల అక్కడి సిక్లిడ్‌లలో రెండు వందల జాతుల వరకు కనుమరుగయ్యాయని అంచనా. బదిలీలు మన ఉద్యోగాలలో తప్పవు. బదిలీ అయిన ప్రతివారూ తొట్టెను సమీపంలోని చెరువులో కుమ్మరిస్తే ఏమవుతుందో ఊహించండి. చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు, సాటి ఉద్యోగికి ఇవ్వవచ్చు. ఒకరోజు పస్తుంచి, ఆక్సిజన్ నింపిన సంచిలో, చీకటి పెట్టెలో పెడితే పగటి ప్రయాణం తట్టుకొంటాయి.

ఈ ఇంటివారికి ఏప్రిల్‌లో బదిలీ ఉత్తర్వులు రావచ్చునట. అటువంటప్పుడు నాలుగడుగుల తొట్టె కొనుమనడం న్యాయం కాదు. ఆరేటస్‌ను ఆ రెండడుగులలో ఉంచడమూ న్యాయం కాదు. నోయిడాలో ఆరడుగుల తొట్టె గల మన సహోద్యోగి ఒకరు దానిని తీసుకొనడానికి అంగీకరించారు. బాబు మాత్రం ఒప్పుకోలేదు. "మిగిలింది అదొక్కటే కదా" అన్నాడు. ఆ మాటకు పెద్దలం ముగ్గురమూ కొంతసేపు మాట్లాడలేకపోయాము.

చివరకు నేను టాంగన్యీకా సరస్సులో ఖాళీ నత్తగుల్లలలో కాపురముండే చేపల సంగతి చెప్పాను. మల్టీఫేసియాటస్ అంటారు. పెద్దదైనా రెండంగుళాలకు మించదు. గుల్ల చుట్టూ ఇసుక త్రవ్వి కోట కట్టుకొంటుంది, చేయి పెడితే మన వ్రేలినే కొరకవస్తుంది. అదే జాతి కోపం, కాని రెండడుగుల తొట్టెలో ఒక గుంపు హాయిగా ఇమిడిపోతుంది. "నత్తగుల్లలా? తాతగారి పొలంలో బోలెడు!" అని బాబు లేచి నిలబడ్డాడు. వారి తాతగారిది గోదావరి డెల్టాలోని పల్లె. మరునాడే ఫోను చేశారు.

నోయిడాలో ఆరేటస్‌ను వదలిన రోజున బాబును వెంట తీసుకువెళ్ళాము. క్రొత్త చేప వచ్చినప్పుడు పాతవాటి సరిహద్దులు చెరిగిపోవాలని ముందుగా రాళ్ళన్నీ మార్చి పేర్చారు. రెండు రోజులు చిల్లుల పెట్టెలో ఉంచి, దీపాలు ఆర్పిన తరువాత విడిచిపెట్టారు. మూడు వారాలకు ఆ సహోద్యోగి ఫోను చేసి, అక్కడ అంతకన్నా పెద్ద మగచేప ఒకటి మనవాడిని అదుపులో పెట్టిందనీ, నలుపు కొంత వెలిసి చారల మధ్య మళ్ళీ పసుపు తొంగిచూస్తున్నదనీ చెప్పారు. ఈ వార్త బాబుకు చేరవేశాను. తన పుస్తకంలో తేదీ వేసి వ్రాసుకొన్నాడట. గుల్లల పార్సిలు వచ్చిందని, వాటిని ఇరవై నిమిషాలు ఉడికించామని, స్పాంజిని ఈ నెలలో ఒక్కసారి కూడ కుళాయి క్రింద పెట్టలేదని తల్లిగారు వ్రాశారు. తొట్టెలో ఇంకా చేపలు లేవు. నైట్రైటు సున్నాకు రావడానికి మరో వారం పట్టవచ్చును.